పంక్తి ఉన్న చోటే పంచాయితీ

కాలిఫోర్నియాలో స్టాక్‌టన్ మనవాళ్ళు పనిగట్టుకుని చూడ్డానికి వెళ్ళే ఊరు కాదు. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి కారులో గంటన్నర. అక్కడ సౌత్ గ్రాంట్ స్ట్రీట్‌లో ఉన్న గురుద్వారాకు ఒక ఆదివారం వెళ్ళాను. గుమ్మం దగ్గర బుట్ట నిండా రంగు రుమాళ్ళు. తలకు కట్టుకోవడం చేతకాక రెండుసార్లు జారిపోతే, పదేళ్ళ పిల్లాడొకడు వెనక నుంచి బిగించి ముడేశాడు. లోపల గురుగ్రంథ సాహిబ్ ముందు నేలకు నుదురు ఆనించి లేచి కూర్చున్నాక, దోసిలి పట్టమని సైగ చేశారు. వేడివేడి కడా ప్రసాదం. గోధుమపిండి, నెయ్యి, చక్కెర సమపాళ్ళు. తుడుచుకోవడానికి కాగితం ఇచ్చారు గానీ ఆ నెయ్యి అంత తేలిగ్గా వదల్లేదు. సాయంత్రం దాకా స్టీరింగ్ మీద అదే వాసన.

తర్వాత భోజనం. నేల మీద పొడుగ్గా పరిచిన పట్టాల మీద వరసగా కూర్చున్నాం. గళ్ళ స్టీలు పళ్ళెంలో పప్పు, కూర, పెరుగు, పరమాన్నం. ఒక పెద్దాయన వంగి "ప్రశాదా జీ" అన్నాడు. రొట్టెను అక్కడ అలా అంటారట. ఒక చేత్తో అందుకోబోతే పక్కాయన నవ్వుతూ నా రెండో చెయ్యి కూడా ముందుకు జరిపాడు. రొట్టె దోసిట్లోనే తీసుకోవాలి.

ఆ వరసను వాళ్ళు పంగత్ అంటారు. మన పంక్తే. పంక్తిలో వలపక్షం పనికిరాదని సామెతలా చెప్పుకునే మనమే, అదే మాట నుంచి 'పంక్తిబాహ్యుడు' అనే పదాన్నీ తయారు చేసుకున్నాం. ఎవరిని ఏ వరసలో కూర్చోబెట్టాలి, ఎవరిని అసలు కూర్చోనివ్వకూడదు అన్నదాని మీద మన ఊళ్ళలో ఎన్ని పెళ్ళిళ్ళు చెడలేదు! సిక్కుల్లో మూడో గురువు అమర్‌దాస్ కాలం నాటికే "ముందు పంగత్, తర్వాత సంగత్" అన్నది నియమం. సంగత్ అంటే గురువు దగ్గర చేరే సభ. అక్బర్ పాదుషా వచ్చినా వరసలో కూర్చుని తిన్నాకే గురువును కలిశాడని వాళ్ళ సంప్రదాయం చెబుతుంది.

గురుద్వారాల గురించి మనవాళ్ళు రాసేవి సాధారణంగా ఇక్కడితో ఆగిపోతాయి. ఎంత శుభ్రం, ఎంత సేవ, ఎంత సమానత్వం అని. అవన్నీ నిజాలే. కానీ విదేశాల్లో గురుద్వారా ఇంత బలంగా ఎందుకు నిలబడిందో ఈ మెచ్చుకోళ్ళ వల్ల తెలియదు. అన్నం పెట్టే గురుద్వారాను మెచ్చుకుని, రాజకీయం మాట్లాడే గురుద్వారాను తిట్టడం మనకు అలవాటైపోయింది. అవి రెండూ ఒకే పొయ్యి మీద ఉడికినవని నా అభిప్రాయం.

స్టాక్‌టన్ గురుద్వారా 1912లో మొదలైంది. జ్వాలా సింగ్, వసాఖా సింగ్ అనే రైతులు ముందు నిలబడ్డారు. అప్పటికి అయిదేళ్ళ కిందట, 1907 సెప్టెంబర్‌లో, వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్లింగ్‌హామ్‌లో తెల్లవాళ్ళ గుంపు కలప మిల్లుల్లో పనిచేసే పంజాబీలను బసల్లోంచి ఈడ్చి ఊరు దాటించింది. అద్దెకు గది ఇచ్చేవాళ్ళు తక్కువ. భార్యను తెచ్చుకునే దారి దాదాపు లేదు. కొందరు మెక్సికన్ స్త్రీలను పెళ్ళాడి అక్కడే స్థిరపడ్డారు. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, భారతీయులు 'తెల్లవాళ్ళు' కారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని తేల్చేసింది. అలాంటి రోజుల్లో పొలం పని దొరకనివాడు వచ్చి పడుకోవడానికి, తినడానికి, ఊరి నుంచి వచ్చిన ఉత్తరం చదివించుకోవడానికి ఉన్నది ఈ ఒక్క కప్పే. హిందువులూ ముస్లింలూ కూడా అక్కడికే వచ్చేవారు. అక్కడి పత్రికలకు ఎలాగూ అందరూ 'హిందూలే'!

సత్రమూ అదే, రచ్చబండా అదే అయ్యాక పార్టీ ఆఫీసు కాకుండా ఎలా ఉంటుంది? 1913లో సోహన్ సింగ్ భక్నా, లాలా హర్‌దయాళ్ తదితరులు కలిసి, భారత్ నుంచి బ్రిటిష్ వాళ్ళను తిరుగుబాటుతో వెళ్ళగొట్టాలని గదర్ పార్టీ పెట్టినప్పుడు చందాలూ మనుషులూ ఎక్కువగా ఈ రైతుల్లోంచే వచ్చాయి. ఆ పార్టీలో మనవాడు కూడా ఒకడున్నాడని చాలామందికి తెలీదు. కనిగిరికి చెందిన దర్శి చెంచయ్య. 1912లో అమెరికా చదువుకు వెళ్ళి గదర్‌లో చేరాడు, దానికి ఏళ్ళ తరబడి జైలు శిక్ష అనుభవించాడు. ఇక 1956లో అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికైన తొలి ఆసియా సంతతి సభ్యుడు దలీప్ సింగ్ సౌంద్. ఆయన విద్యార్థిగా బర్క్‌లీకి వచ్చినప్పుడు ఉన్నది స్టాక్‌టన్ గురుద్వారా నడిపే వసతి ఇంట్లోనే. తలదాచుకునే చోటు దొరికాకే చదువైనా, పదవైనా.

పక్కనే కెనడాలో ఈ కథ రక్తంతో నడిచింది. 1914లో కొమగాట మారు ఓడ 376 మంది భారతీయ వలసదారులతో వాంకోవర్ రేవుకు వచ్చింది, దిగనివ్వకపోవడంతో రెండు నెలలు నిలిచిపోయింది. ఆ ఓడ కోసం చందాలు పోగైంది గురుద్వారా చుట్టూనే. ఆ సెప్టెంబర్‌లో ఇమిగ్రేషన్ అధికారి హాప్కిన్సన్‌కు సమాచారం చేరవేసే బేలా సింగ్ గురుద్వారా లోపలే కాల్పులు జరిపి ఇద్దరిని చంపాడు. అక్టోబర్‌లో మేవా సింగ్ కోర్టు భవనంలో హాప్కిన్సన్‌ను కాల్చేశాడు. 1915 జనవరిలో అతన్ని ఉరి తీశారు. వాంకోవర్‌లో ఇప్పటికీ ఏటా అతన్ని స్మరించుకుంటారు.

ఎనభై ఏళ్ళ తర్వాత గొడవ కుర్చీల మీదికి వచ్చింది. నవ్వులాట కాదు. వాంకోవర్ ఉన్న బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో చాలా గురుద్వారాల్లో దశాబ్దాలుగా బల్లలు, కుర్చీలు వేసుకుని తినడం అలవాటు. నేల మీద కూర్చుంటేనే సమానత్వమని ఒక వర్గం, చలిదేశంలో ముసలివాళ్ళ మోకాళ్ళ సంగతేమిటని ఇంకో వర్గం. 1997 జనవరిలో సర్రేలోని గురునానక్ గురుద్వారాలో కొట్టుకున్నారు, పోలీసులు వచ్చారు. 1998లో అమృత్‌సర్‌లోని అకాల్ తఖ్త్, అంటే సిక్కుల అత్యున్నత మత పీఠం, కుర్చీలు తీసేయమని హుకుం జారీచేసింది, వినని కొందరు నాయకులను వెలివేసింది. పైకి కుర్చీ. లోపల అసలు ప్రశ్న, కమిటీ ఎవరి చేతిలో ఉండాలి, గోలక్ తాళం ఎవరి జేబులో ఉండాలి అని. గోలక్ అంటే హుండీ. కమిటీని చాలా చోట్ల సభ్యులు ఓట్లేసి ఎన్నుకుంటారు. ప్రచారం, వర్గాలు, కోర్టు కేసులు మామూలే. మన సహకార సంఘాల ఎన్నికలు చూసినవాళ్ళకు ఇదంతా విడమర్చి చెప్పక్కర్లేదు.

అదే సర్రే గురుద్వారా అధ్యక్షుడు హర్‌దీప్ సింగ్ నిజ్జర్ 2023 జూన్ 18న ఆ పార్కింగ్‌లోనే కాల్పుల్లో చనిపోయాడు. సిక్కులకు వేరే దేశం కావాలనే ఖలిస్తాన్ వాది అయిన అతన్ని భారత ప్రభుత్వం 2020లో ఉగ్రవాదిగా ప్రకటించింది. ఆ హత్య భారత్, కెనడాల సంబంధాలను ఎక్కడికి తీసుకెళ్ళిందో చూశాం. ఖలిస్తాన్ వాదంతో నాకు ఏకీభావం లేదు. కానీ "గుళ్ళో రాజకీయాలేంటి" అన్న ప్రశ్న మాత్రం అమాయకంగా తోస్తుంది. గదర్‌ను పొగిడేటప్పుడు ఆ ప్రశ్న వేయం కదా.

సమానత్వమూ అంత సాఫీగా లేదు. ఇంగ్లండ్‌లో వడ్రంగి, కమ్మరి కులాల రాంగఢియా గురుద్వారాలు వేరు, సంత్ రవిదాస్‌ను కొలిచే దళితుల రవిదాసియా గుళ్ళు వేరు. 2009లో వియన్నాలో రవిదాస్ గుడి మీద దాడి చేసి సంత్ రామానంద్‌ను చంపాక, మరుసటి ఏడాది పంజాబ్‌లోని రవిదాసియాల మఠం డేరా బల్లాఁ తమది వేరే మతమనే ప్రకటించింది. వరసలో పక్కపక్కన తినిపించినంత మాత్రాన కులం పోదు.

అయినా ఆ పొయ్యి ఆరదు. 2020 డిసెంబర్‌లో ఫ్రాన్స్ సరిహద్దు మూసేసి ఇంగ్లండ్‌లోని కెంట్‌లో వేలాది లారీలు ఆగిపోతే, గ్రేవ్‌జెండ్ గురుద్వారా వంటగదిలో వండిన భోజనాలు ఆ డ్రైవర్లకు అందాయి. చేయితిరిగిన వంటవాళ్ళు, పెద్ద గిన్నెలు, సరుకులు రోజూ సిద్ధంగా ఉన్నచోట ఇది ఒక్క ఫోన్ కాల్ పని. కొత్తగా ఏమీ పెట్టనక్కర్లేదు.

మరి మన గుళ్ళ సంగతి? తిరుమలలో రోజూ వేలమందికి ఉచితంగా అన్నం పెట్టే మనం అమెరికా వెళ్ళేసరికి పులిహోర పొట్లానికి కౌంటర్ పెట్టాం. పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరుడి గుడి 1970ల్లో కట్టినవాళ్ళు 1965 వలస చట్టం తర్వాత వచ్చిన డాక్టర్లు, ఇంజినీర్లు. వాళ్ళకు ఇల్లుంది, కారుంది, ఆకలి లేదు. లేనిదల్లా దేవుడే, దేవుణ్ణి తెచ్చుకున్నారు. ఇందులో తప్పు పట్టడానికేం లేదు, తేడా మతంలో కన్నా, మొదట వచ్చినవాళ్ళ జేబులో ఉంది. కానీ ఇప్పుడు వస్తున్నవాళ్ళు వేరు. పొలం తాకట్టు పెట్టి, బ్యాంకు లోన్ తీసుకుని, ఒక గదిలో ఆరుగురు ఉండే పిల్లలు. ఊరి చివర, బస్సు కూడా పోని కొండ మీద గుడి వాళ్ళకెందుకు? ఉగాది సంబరాలకు మన సంఘాలు పెట్టే టికెట్ ధర వాళ్ళ వారం కూరగాయల ఖర్చు.

మా అన్నయ్య కొడుకు ఇంగ్లండ్‌లో మాస్టర్స్ చేస్తున్నాడు. మొదటి మూడు నెలలు పార్ట్‌టైమ్ దొరకలేదు. ఫోన్లో అడిగితే, "ఆదివారం గురుద్వారాకి పోతున్నా బాబాయ్, మధ్యాహ్నం తింటే రాత్రికి డబ్బాలో కూడా పెడుతున్నారు" అన్నాడు. గోడ మీద తుపాకులు పట్టుకున్నవాళ్ళ ఫోటోలు చూసి మొదట్లో టెన్షన్ పడ్డాడట. ఎవరూ ఏమీ అడక్కపోయేసరికి రెండో నెల నుంచి గిన్నెలు కడగడం మొదలుపెట్టాడు. "ఊరికే తింటే అదోలా ఉంటుంది."

మొన్న మాట్లాడినప్పుడు అక్కడ కమిటీ ఎన్నికలట. రెండు వర్గాలూ మాట్లాడుకోవడం మానేశాయి, వీడితో మాత్రం ఇద్దరూ మాట్లాడుతున్నారు. వీడికి ఓటు లేదు. ఇప్పుడు రొట్టెల పెనం దగ్గరికి మార్చారట. "ఇంకా గుండ్రంగా రావట్లేదు బాబాయ్" అన్నాడు.