రూట్ ప్లానర్ గారికి బహిరంగ లేఖ

ఫోన్‌లో దారులు గీసిపెట్టే యాప్ అయ్యా, రూట్ ప్లానర్ గారూ,

నమస్కారం. మరీ కష్టపడకుండా తిరిగొచ్చే సైకిల్ లూప్ ఒకటి కావాలని అడిగానో లేదో, మీరు నీలిగీత గీసి చేతిలో పెట్టేశారు. 60 కిలోమీటర్లు, 600 మీటర్ల ఎక్కుడు, 95 శాతం తారు, 5 శాతం కంకర. పైన 'మోడరేట్' అని ముద్ర. మీ ధీమాకి దండం పెట్టాలి.

ముందు ఆ 5 శాతం సంగతి తేల్చుకుందాం. అంటే 3 కిలోమీటర్లు. ఆ మూడూ ఎక్కుడులో వస్తాయా, దిగుడులో వస్తాయా అన్నది మీకు అనవసరం. తొక్కేవాడికి మాత్రం లూప్ అంతా అక్కడే ఉంది. కంకర ఎక్కుడులో వస్తే వేగం ఎలాగూ ఉండదు. సీటు మీంచి లేవకుండా, వెనక చక్రం మీద బరువుంచి, చిన్న గేరులో మెల్లగా లాగించేయొచ్చు. మీరు గీసిన దిశలో అది సరిగ్గా దిగుడులో, అందులోనూ మలుపు దగ్గర వస్తోంది. అక్కడ ముందు బ్రేకు గట్టిగా పట్టుకుంటే చక్రం పక్కకి జారుతుంది, పట్టుకోకపోతే మలుపు తిరగదు. ఇదే లూప్‌ని ఎదురు దిశలో తిప్పితే కంకర మీద ఎక్కి తారు మీద దిగుతాం. శాతం మారదు కాబట్టి మీకు రెండూ ఒకటే!

ఎక్కుడు లెక్కా అంతే. 3 కిలోమీటర్ల గట్టుకి సగటు వాలు 4 శాతం అన్నారు. మొదటి రెండు కిలోమీటర్లు 1 శాతమే, ఆఖరి కిలోమీటరు ఏకంగా 10 శాతం. సగటు 4 శాతమే, కాదనను. మోకాళ్లకి సగటు తెలియదు, అదొక్కటే ఇబ్బంది.

ఇక వంతెన. లోయ మీద కట్టిన వంతెన దాటడానికి నన్ను లోయలోకి దింపి మళ్లీ పైకి ఎక్కించారు, మీ ఎత్తుల గ్రాఫులో. సొరంగం వస్తే కొండ మీంచి తీసుకెళ్లారు. ఎత్తుల లెక్క నేలది, రోడ్డుది కాదు కదా. అలాంటి కొలతల్లో పేరున్నవి 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక ఎండీవర్ రాడార్‌తో 11 రోజుల పాటు సేకరించినవి. వాటిని తప్పుపట్టను. వాటిని రోడ్డుకి అంటించిన మీ ఉత్సాహంతోనే పేచీ.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాలంటీర్లనీ ఏమీ అనను. మీరు వాడుకునే మ్యాపుని స్వచ్ఛందంగా గీసిపెట్టేది వాళ్లే. రోడ్డు పైపొర ఏమిటో తెలియకపోతే వాళ్లు ఆ గడి ఖాళీగా వదిలేస్తారు. అది నిజాయితీ. ఆ ఖాళీని 'తారే అయ్యుంటుందిలే' అని నింపింది మీరు. పైగా పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం అన్నట్టు, తారుకీ కంకరకీ ఒకే వేగం కట్టి, ఇంటికి చేరే టైమ్ నిమిషాలతో సహా చెప్పారు. నా టైరు వెడల్పు 25 మిల్లీమీటర్లా, 38 మిల్లీమీటర్లా అని మాట వరసకైనా అడగలేదు. గాలి ఎటు వీస్తుందో మీకు పట్టదు. ఎదురుగాలి పోయేటప్పుడే పడితే ఒళ్లు తాజాగా ఉంటుంది. తిరిగొచ్చేటప్పుడు పడితే ఆఖరి 15 కిలోమీటర్లకి 'మోడరేట్' అన్న మాట వింటేనే ఒళ్లు మండుతుంది.

అందుకని మీ గీతని నేను కాస్త కెలికాను, మన్నించాలి. దిశ తిప్పాను. ప్రతి కంకర ముక్కనీ శాటిలైట్ ఫొటోలో దగ్గరగా చూసి, ట్రాక్టరు చక్రాల గాడులు కనిపించిన చోట తారు దారికి మార్చాను. వాన పడితే కంకర తగలకుండా వెనక్కి రావడానికి మధ్యలో ఒక అడ్డదారి పెట్టుకున్నాను. దూరం 4 కిలోమీటర్లు పెరిగింది. వెంటనే ఎర్రరంగులో 'మీ మార్గం అనుకూలంగా లేదు, సరిచేయమంటారా?' అని అడుగుతున్నారు.

వద్దు. ఆ బటన్‌ని మాత్రం 'సేవ్'కి కాస్త దూరంగా జరపండి. వేలు తగిలితే మళ్లీ ఆ దిగుడులోకే తోసేస్తున్నారు.

ఇట్లు,
మీ గీత మీద సైకిల్ తొక్కాల్సినవాడు