శివారు సిలిండరు

1852లో కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తిచేశాడు. ఆ తర్వాత మా డెల్టాలో పారుదల గురించి అంత లోతుగా ఆలోచించినవాడు మా మేనల్లుడేనని సవినయంగా మనవి చేసుకుంటున్నాను. వాడి ఆలోచన నీళ్ల గురించి కాదు, పెట్రోలు గురించి. పారేది ఏదైతేనేం?

వాడిది పాత సెడాను. దానికి టర్బో, అంటే ఇంజనులోకి గాలిని ఒత్తిడితో తోసే యంత్రం బిగించాడు. (బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదనే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చదివినవారు ఈ వ్యాసం ఇక్కడితో ఆపేస్తే మాకు మేలు.) మొదటి రోజే రావులపాలెం వంతెన మీద గట్టిగా తొక్కితే ఇంజను టకటకా కొట్టుకుంది. "మావయ్యా, లీన్ అయిపోతోంది. గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. ఇలాగే తొక్కితే పిస్టన్లు కరిగిపోతాయి" అన్నాడు. ఇంట్లో ఎవరికో టైఫాయిడ్ వచ్చినంత టెన్షన్ వాడి మొహంలో.

నా మట్టిబుర్రకి ఎక్కాలని కాలువల భాషలో చెప్పాడు. ట్యాంకులో పంపు ఆనకట్ట లాంటిది. లైను ప్రధాన కాలువ. ఇంజెక్టర్లు తూములు. పాత తూములు చిన్నవి కావడంతో, ఫుల్లుగా తొక్కితే తలుపు మూసుకునే వ్యవధే ఉండటం లేదట. నూటికి 80, 85 వంతుల సేపు మించి తెరిచి ఉంచకూడదట. పైగా ఇప్పుడు బంకులో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపింది. కిలో పెట్రోలు కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 చాలు. అంటే అదే గాలికి ఇంకాస్త ఎక్కువ పోయాలన్నమాట.

అందుకని గంటకు 255 లీటర్లు తోడే పంపు తెచ్చాడు, నిమిషానికి 440 సీసీల ఇంజెక్టర్లు తెచ్చాడు, టర్బో ఒత్తిడి పెరిగినకొద్దీ పెట్రోలు ఒత్తిడినీ పెంచే రెగ్యులేటరు తెచ్చాడు. ఎప్పుడెంత పెట్రోలు పోయాలో ఇంజనుకి చెప్పే కంప్యూటరు, అదే ఈసీయూలో మ్యాపు కూడా మార్పించాడు. "తూములు పెద్దవి చేసి, నీళ్లు వదిలే లస్కరుకి చెప్పకపోతే చేలు మునిగిపోవూ?" అన్నాడు. పూడికకి ఫిల్టరు సరేసరి.

వాడు ఇంజెక్టర్లు పరీక్షించిన రాత్రి నేనక్కడే ఉన్నాను. నాలుగు గాజు గొట్టాలు వరసగా పెట్టి, ఒక్కోదాంట్లోకి ఒక్కో ఇంజెక్టరు చేత ముప్పై సెకన్లు పోయించాడు. టార్చి వేసి, కళ్లు గీతల సమానానికి దించి చూశాడు. నాలుగోదాంట్లో ఓ నాలుగు సీసీలు తక్కువ. చివరి సిలిండరుకి అన్యాయం జరిగిందని ఆ రాత్రి అన్నం తినలేదు. మా అక్క రెండుసార్లు పిలిచి, చారు చల్లారిపోయాక తనే తినేసింది.

ఇదంతా గుమ్మంలో నిలబడి చూస్తున్న శివారు రైతొకాయన, అంటే కాలువ చివర పొలం ఉన్నాయన, గొంతు సవరించుకున్నాడు. "ఆ గాజు గొట్టం ఓసారి మా చేలకి నీళ్లొచ్చే బోదెకి కూడా పెట్టి చూడండి బాబూ, ఆయ్."

ప్రభుత్వానికి నా విన్నపం ఇదే. దాళ్వాలో, అంటే రెండో పంటకి, నీటికి వంతులు వేస్తారు, వంతు కాగితం శివారుకి చేరుతుంది, నీరు మాత్రం దారిలో ఎవరింటికో చుట్టంచూపుకి వెళ్తుంది. గుర్రపుడెక్క తీయించమంటే ఫైలు కదలాలంటారు. నాలుగు సీసీలకి అన్నం మానేసేవాణ్ని ఒక్కణ్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టండి. జీతం అక్కర్లేదు, పెట్రోలు పోయిస్తే చాలు. అయితే ఫుల్లుగా తొక్కితే గంటకు డెబ్భై లీటర్ల దాకా తాగుతుంది, ఆ పద్దు చూసుకోండి.

ఏప్రిల్లో ట్రయల్‌కి నన్నెక్కించుకున్నాడు. కాలువగట్టు రోడ్డు. పై ఊళ్లో కోతలైపోయి సగం రోడ్డు మేర ధాన్యం ఆరబోశారు. ఒకావిడ కాలితో గింజలు తిరగేస్తూ "పక్కనుంచి పోనీ బాబూ, తొక్కకు" అంది. రెండో గేరు. ముందు గడ్డి ట్రాక్టరు. పంపు తోడగలిగినంతా తోడుతోంది, ఇంజను తాగేది గుక్కెడు, మిగతాదంతా రిటర్న్ లైనులో వెనక్కి ట్యాంకులోకే.

"వరదనీళ్లు సముద్రంలోకి పోయినట్టు" అన్నాను. వాడికి నచ్చలేదు.

శివారుకి చేరేటప్పటికి ట్రాక్టరు ఆగిపోయింది. ఇక్కడ నాట్లు ఆలస్యం, గింజ ఇప్పుడే పాలు పోసుకుంటోంది. బోదె అడుగున మట్టి నెర్రెలిచ్చింది. వాడు అద్దం దించి చాలాసేపు దానికేసి చూశాడు.

"పైన ప్రెషర్ బాగానే ఉంది మావయ్యా" అన్నాడు. "లైన్లోనే ఎక్కడో పడిపోతోంది."