అల్లుడుగారూ, ఒక ప్రాణం పంపండి

రాత్రి పదకొండు గంటలకు మా అత్తగారి దగ్గర నుంచి ఫోనుకు సందేశం వచ్చింది: “బాబూ, ఒక ప్రాణం పంపండి.” ఆ వేళప్పుడు అలాంటి మాట చదివితే ఏ అల్లుడైనా కంగారుగా చెప్పులు వెతుక్కుంటాడు. నేను వెతుక్కోలేదు. ముప్ఫై ఏళ్లుగా వీడియో గేముల్లో చస్తూ బతుకుతున్నవాణ్ణి. ప్రాణం విలువ నాకు తెలిసినంత బాగా డాక్టర్లకు కూడా తెలియదు. అడిగిన ప్రాణం పంపించి దుప్పటి కప్పుకున్నాను. పొద్దున లేచేసరికి బదులుగా ఒక గులాబీ బొమ్మ వచ్చి ఉంది. అత్తవారింటి నుంచి అల్లుడికి పెట్టుపోతలు రావడం తరతరాలుగా వింటున్నాం. అల్లుడి దగ్గర నుంచి అత్తగారికి ప్రాణాలు వెళ్లడం మాత్రం ఈ శతాబ్దం సాధించిన విజయమే. చరిత్రకారులు గమనించాలి.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. 2012లో వచ్చిన క్యాండీ క్రష్ అనే మిఠాయిల ఆటలో మనకు ఇచ్చేవి అయిదు ప్రాణాలు. పోయిన ప్రాణం తిరిగి రావాలంటే అరగంట పడుతుంది. అయిదూ పోతే అన్నీ నిండడానికి రెండున్నర గంటలు. అంత ఓపిక లేనివాళ్లు డబ్బు కట్టి కొనుక్కోవాలి, అది ఇష్టం లేనివాళ్లు చుట్టాలను అడుక్కోవాలి. పాపం, సావిత్రి వెంటపడినప్పుడు యముడి దగ్గర ఇంత స్పష్టమైన ధరల పట్టిక లేదు. ఉండి ఉంటే కథ రెండు నిమిషాల్లో అయిపోయేది.

మా చిన్నప్పుడు ప్రాణాలకు ఇంత గిరాకీ లేదు. ఇంట్లో ఆడుకునే కాంట్రా అనే తుపాకుల ఆట 1988లో వచ్చింది. మూడు ప్రాణాలు ఇచ్చేది. ఒక్క తూటా తగిలితే మనిషి వెల్లకిలా పడిపోయేవాడు. అయితే ఆట మొదలయ్యేముందు రెండుసార్లు పైకి, రెండుసార్లు కిందికి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, ఆపై బి, ఎ మీటలు నొక్కితే ముప్ఫై ప్రాణాలు వచ్చేవి. పదమూడో ఎక్కం దగ్గర తడబడి దెబ్బలు తిన్న మా వీధి పిల్లలంతా దీన్ని మాత్రం నిద్రలో లేపినా అప్పజెప్పేవారు. దీని వెనక ఉన్నవాడు కజుహిసా హషిమోటో అనే జపాన్ ఉద్యోగి. కొనామి కంపెనీలో 1985 నాటి గ్రాడియస్ ఆటను ఇంటి యంత్రానికి మారుస్తున్నప్పుడు, పరీక్షించడానికి అది తనకే మరీ కష్టంగా ఉందని ఈ దొడ్డిదారి పెట్టుకున్నాడు. దారి ఆటలోనే ఉండిపోయింది, లోకమంతా అందులో నుంచే నడిచింది. ఇవాళ దొడ్డిదారులు లేవని కాదు, బోలెడు ఉన్నాయి. ప్రతి దారికీ టోల్‌గేటు కట్టారు, అంతే.

మా ఇంటికి వచ్చిన టీవీ గేము పెట్టె అసలు జపాన్‌ది కాదు, దానికి నకలు. దాంతో పాటు వచ్చిన పసుపుపచ్చ క్యాసెట్ మీద 9999 ఆటలు అని అచ్చువేసి ఉండేది. ఒక వేసవి సెలవుల్లో నేనూ మా అన్నయ్యా నోట్‌బుక్ పెట్టుకుని లెక్క తేల్చాం. మొదటిది మారియో. కాస్త కిందికి వెళితే మళ్లీ మారియోనే, రెండో మజిలీ నుంచి మొదలవుతుంది. ఇంకా కిందికి వెళితే అదే మారియో, పేరు వేరు. ఒకే మనిషి చొక్కా మార్చుకుని వచ్చి పదిసార్లు ఓటు వేసినట్టన్నమాట. చివరికి తేలినవి పదీ పన్నెండు ఆటలు. మోసమే, కాదనను. కానీ ఆ మోసం చేతిలో పట్టుకోవడానికి వీలుగా ఉండేది. నెలకింత అని కట్టించుకుని వందల ఆటలు చూపించే ఇప్పటి చందా పథకాల్లో నేను ఏం ఆడాలా అని గంటసేపు జాబితా తిరగేసి, ఏదీ ఆడకుండా నిద్రపోతున్నాను. ఆ 9999లో పన్నెండయినా ఆడాను.

ఆ మారియో సంగతి కొంచెం చెప్పుకోవాలి. 1985లో వచ్చిన ఆ ఆట మొత్తం 40 కిలోబైట్లు. మా బాబాయి రోజూ పొద్దున్నే పంపే శుభోదయం బొమ్మ, వెనకాల సూర్యుడు, ముందు రెండు చిలకలు, అంతకంటే బరువైనది. ఆ 40 కిలోబైట్లలోనే ముప్ఫై రెండు మజిలీలు, సంగీతం, తాబేళ్లు, కోటలు, చివర్లో నిప్పులు కక్కే రాక్షసుడు. ఎలా సర్దారంటే, ఆకాశంలో మేఘం, నేల మీద పొద, రెండూ ఒకే బొమ్మ. తెల్లరంగు వేస్తే మేఘం, ఆకుపచ్చ వేస్తే పొద. మా అమ్మ ఇంటిని నడిపిన పద్ధతి సరిగ్గా ఇదే. పాత చీర కిటికీకి తెర, తెర చిరిగితే బొంత, బొంత చిరిగితే స్టవ్ తుడిచే గుడ్డ. ఆమెకు కంప్యూటర్ తెలియదు గానీ, మారియో చేసిన నింటెండో కంపెనీలో వేసి ఉంటే 38 కిలోబైట్లకు దించేది.

ఇప్పటి ఆటల్లో మేఘానికి వేరే బొమ్మ ఉంది, సంతోషం. 2020 నాటికి కాల్ ఆఫ్ డ్యూటీ వరసలో ఒక ఆట కంప్యూటర్‌లో 200 గిగాబైట్లు దాటింది. అంటే యాభై లక్షల మారియోలు. యాభై లక్షల రెట్లు ఆనందం కలగాలి కదా అని నేను నిజాయితీగా ప్రయత్నించాను.

ఆ ప్రయత్నం ఒక ఆదివారం జరిగింది. మా ఆవిడా అమ్మాయీ పెళ్లి బట్టలకని వెళ్లారు. నాకు గంటన్నర స్వాతంత్ర్యం. గిన్నెలో వేయించిన బఠానీలు పోసుకుని, సోఫాలో కాళ్లు బార్లా చాపి, ఆట పెట్టె మీట నొక్కాను. ముందు పెట్టె అప్‌డేట్ కావాలంది. సరేనన్నాను. తర్వాత ఆట అప్‌డేట్ కావాలంది, 38 గిగాబైట్లు. ఆ తర్వాత, ఇది నేను కల్పించడం లేదు, చేతిలో ఉన్న జాయ్‌స్టిక్ కూడా అప్‌డేట్ కావాలంది. తెర మీద నీలిగీత ఒకటి పాకడం మొదలుపెట్టింది. మిగిలిన సమయం రెండు గంటలు అని చూపించింది, కాసేపటికి పద్నాలుగు నిమిషాలంది, ఏమనుకుందో ఏమో, తొమ్మిది గంటలంది. మా ఇంటి పెద్దమేస్త్రీ కూడా పని ఎప్పుడు అవుతుందని అడిగితే ఇంతకంటే నిలకడగా చెబుతాడు.

చివరికి గీత అవతలి ఒడ్డు చేరింది. బఠానీలు అయిపోయాయి. అప్పుడు పెట్టెకు నేనెవరో అనుమానం వచ్చింది. పాస్‌వర్డ్ అడిగింది. మరిచిపోయానన్నాను. ఫోనుకు ఓటీపీ పంపానంది. ఏ ఫోనుకంటే, ఖాతా తెరిచిన రోజున నా ఫోను మరమ్మతులో ఉండటం వల్ల, మా ఆవిడ ఫోనుకు. ఆవిడేమో చీరల దుకాణంలో.

“ఏమండీ, ఏవో ఆరు అంకెలు వచ్చాయి. మీరు ఎవరికైనా డబ్బు పంపుతున్నారా?”

“లేదు, అది ఆటకు. ఆ అంకెలు చెప్పు.”

“ఎవరికీ చెప్పకూడదని రాసి ఉందండీ. మీకు చెప్పవచ్చా?”

ఇన్నేళ్ల కాపురంలో మా మధ్య ఇంత మౌలికమైన ప్రశ్న ఎప్పుడూ రాలేదు. ఆవిడ ఆలోచించి, పక్కనున్న అమ్మాయిని అడిగి, చెప్పేసరికి అంకెల గడువు తీరిపోయింది. ఇంతలో చీర రంగు గురించి నా అభిప్రాయం అడిగింది. బాగుందన్నాను. చూడకుండా ఎలా చెప్పారని ఇంకో పది నిమిషాలు పట్టింది.

మా కాలంలో ఆట మొదలవకపోతే క్యాసెట్ బయటికి లాగి, మౌతార్గాన్ వాయించినట్టు ఈ చివర నుంచి ఆ చివరకు ఊది, మళ్లీ దూర్చేవాళ్లం. పని చేసేది. ఊదడం వల్ల ఒరిగేదేమీ లేదని, తీసి పెట్టినప్పుడు లోపలి పిన్నులు సరిగ్గా తగలడమే అసలు కారణమని, పైగా నోటి తడికి ఆ రాగి తుప్పు పడుతుందని తర్వాత చదివాను. చదివి ఒప్పుకున్నాను. అయినా ఊదింది నేను, నడిచింది నా పెట్టె, మధ్యలో ఎవరి అనుమతీ లేదు. తుప్పు కూడా నాదే.

ఇప్పుడు ఏది నాదో చెప్పడం కష్టం. అమెరికా పటాన్ని కుదించి, అందులో ఈ తీరం నుంచి ఆ తీరానికి కారు తోలుకునే ద క్రూ అనే ఆట 2014లో వచ్చింది. యూబీసాఫ్ట్ కంపెనీ 2024 మార్చి 31న దాని సర్వర్లు ఆపేసింది. ఒంటరిగా ఆడుకునేవాడికి కూడా సర్వర్ తప్పనిసరి కాబట్టి, డబ్బు పెట్టి కొన్నవాళ్ల దగ్గర డబ్బా మిగిలింది. ఇల్లు అమ్మి తాళంచెవి తన మొలతాడుకే కట్టుకున్నవాడి కథ ఇది. ఆ తర్వాత కాలిఫోర్నియాలో చట్టమే చేశారు. 2025 నుంచి డిజిటల్ సరుకు అమ్మేవాళ్లు, మీరు కొంటున్నది వస్తువు కాదు, వాడుకునే అనుమతి మాత్రమే అని చెప్పకుండా ‘కొనండి’ అనే మాట వాడకూడదు. సరుకు మారలేదు, మాట మార్చారు. మా ఊళ్లో కౌలుదారుకు ఈ తేడా ఎప్పటి నుంచో తెలుసు.

ఇక కొనడం అంటారా, 2006లో అబ్లివియన్ ఆటలో గుర్రానికి కవచం అమ్మారు, రెండున్నర డాలర్లకు. ఆలు లేదు చూలు లేదు అన్నట్టు, గుర్రమే లేదు, దానికి కవచం! లోకం విరగబడి నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇంత ఖరీదు అవుతుందని ఎవరూ చెప్పలేదు. పోయిన సంక్రాంతికి మా అన్నయ్య కొడుకు తనకు కొత్త బట్టలు వద్దన్నాడు. ఏమి వినయం, ఏమి నిరాడంబరత అని మురిసిపోయాను. ఆ డబ్బుతో ఆటలో తన సైనికుడికి కోటు కొనిపెట్టమన్నాడు. పండగ రోజున వాడు పాత బనీనుతో మూల కూర్చుంటే, సైనికుడు బంగారు అంచు కోటుతో చెట్టు చాటున దాక్కున్నాడు. అంత ధగధగలాడే కోటు వేసుకుని దాక్కోవడం ఎలాగో నాకు అర్థం కాలేదు. వాడిని కాల్చినవాడికి అర్థమైంది.

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి నిషేధించింది. ఈ-స్పోర్ట్స్ అనే వీడియో గేము పోటీలు వేరు, జూదం వేరు అని అందులో విడదీసింది. తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లో రమ్మీ లాంటివాటి మీద తమ చట్టాలు తెచ్చాయి. ముప్ఫై ఏళ్లుగా నేను ఇంట్లో చెప్పలేకపోయిన తేడాను ప్రభుత్వం కాగితం మీద పెట్టింది. మా నాన్నగారికి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివి, “అయితే నువ్వు పోగొట్టుకున్నది కాలమే అంటావు” అన్నారు.

గేమర్‌గా నాకున్న మరో పట్టుదల మీటల గురించి. 1982లో గున్‌పేయ్ యొకోయి అనే నింటెండో ఇంజినీరు ఒక చేతి ఆట కోసం ప్లస్ గుర్తు ఆకారంలో మీట చేశాడు. దాని గొప్పతనమంతా ఒక్కటే, చూడవలసిన అవసరం లేదు. బొటనవేలికి తెలుసు. ఆ తర్వాత నలభై ఏళ్ల ప్రగతి ఏం చేసిందంటే, మా బావగారి కొత్త కారులో ఏసీ తగ్గించడానికి తెర మీద మూడు పేజీలు తిప్పేలా చేసింది. జాతీయ రహదారి మీద ఆయన చల్లదనం కోసం వెతుకుతుంటే, పక్కన కూర్చున్న నాకు చెమటలు పట్టాయి. యూరప్‌లో కార్ల భద్రతకు నక్షత్రాలు ఇచ్చే సంస్థ ఇప్పుడు, హారను, వైపర్లు, సిగ్నళ్ల వంటివాటికి నొక్కే మీటలు ఉన్నాయా అని 2026 నుంచి నక్షత్రాల లెక్కలో చూడాలని నియమం పెట్టింది. తొమ్మిదేళ్ల పిల్లవాడు కాంట్రా ఆడుతూ కనిపెట్టిన సత్యానికి ఒక ఖండం మొత్తం సమావేశాలు పెట్టుకుంది. మా పడకగది ఫ్యానుకు ఇంకా ఆ కబురు అందలేదు. గోడ మీది రెగ్యులేటర్ పీకి రిమోట్ ఇచ్చారు. అది మంచం కింద ఉంటుంది, అర్ధరాత్రి చలి వేసినప్పుడు.

అయినా నేను ఓడిపోలేదు. మొన్న అటక మీద నుంచి పాత గేము పెట్టె దించాను. తెర మీది బాతులను కాల్చే డక్ హంట్ ఆట తుపాకీ కూడా దొరికింది. మా ఇంటి పలకలాంటి టీవీకి తంటాలు పడి తగిలించాను, బాతులు ఎగిరాయి, ఒక్కటీ పడలేదు. తప్పు నా గురిది కాదు. మీట నొక్కగానే తెర రెప్పపాటు నల్లబడి, బాతు ఉన్నచోట తెల్ల చతురస్రం వెలుగుతుంది. తుపాకీలోని కన్ను ఆ వెలుతురును వెంటనే పట్టుకోవాలి. కొత్త టీవీ ఆ బొమ్మను ఒక లిప్త ఆలస్యంగా చూపిస్తుంది. అప్పటికి తుపాకీ కన్ను మూసుకుంటుంది. దీనికి పాత డబ్బా టీవీయే కావాలి. అది మా చుట్టాల్లో ఒక్కరి ఇంట్లోనే ఉంది, లేసు అల్లిన గుడ్డ కప్పుకుని, పైన రెండు ఇత్తడి ఏనుగులతో.

ఏనుగులను దించి, గుడ్డ తీసి, వైర్లు బిగించి, క్యాసెట్‌ను అలవాటుగా ఒకసారి ఊది పెట్టాను. అత్తగారు ఫోను పక్కన పెట్టి, కొంగు నడుముకు దోపుకుని, తుపాకీ అందుకున్నారు.

“ఇందులో ప్రాణాలు ఎన్ని బాబూ?”

“ప్రాణాలు లేవండీ. మూడు గుళ్లు.”

“అవి అయిపోతే అరగంట ఆగాలా?”

“అవసరం లేదండీ. మళ్లీ మొదలుపెట్టడమే.”

ఆమె నన్ను అనుమానంగా చూశారు. మొదటి బాతు తప్పించుకుపోయింది. రెండోదీ పోయింది. గడ్డిలో నుంచి ఆటలోని కుక్క లేచి, మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ముప్ఫై ఏళ్ల కిందట నన్ను చూసి నవ్విన ఆ నవ్వే ఆమెను చూసి నవ్వింది. అత్తగారు తుపాకీని కుక్క వైపు తిప్పి మూడుసార్లు నొక్కారు. దానికేమీ కాలేదు. అప్పుడు నా వైపు తిరిగి, ఎంతో మర్యాదగా అడిగారు.

“బాబూ, ఈ కుక్కను కాల్చాలంటే ఎంత కట్టాలి?”