‘జావా తప్పనిసరి’ అనే షరతు గారికి

అయ్యా షరతు గారూ,

అంబాజీపేట నుంచి ఒక బిజినెస్ అనలిస్టు (జనానికి ఏం కావాలో కనుక్కుని ప్రోగ్రామర్లకు గీసి చూపించేవాణ్ణి లెండి) రాసుకుంటున్న విన్నపం అండి. ఉద్యోగ ప్రకటనల్లో ఆఖరి వరుసన కూర్చుని, అలకపాన్పు ఎక్కిన కొత్తల్లుడిలా జావా అనే ప్రోగ్రామింగ్ భాష తెస్తే గాని దిగనంటారు. కోడింగ్ రాకపోతే ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ డిజైన్, అంటే సాఫ్ట్‌వేర్‌ని వస్తువులుగా, వాటి పనులుగా విడదీసి గీయడం, ఒంటబట్టదని మీ వాదన. అది నమ్మి మూడు నెలలు జావా నేర్చుకున్నాను. సెమీకోలన్ ఎక్కడ పెట్టాలో వచ్చింది, దాంతోపాటు బోలెడు టెన్షన్ వచ్చింది. డిజైను మాత్రం రాలేదు.

అది వచ్చింది కొబ్బరి కొట్టులో. షావుకారు గారు కూలీల లెక్కలకు సాఫ్ట్‌వేర్ కావాలన్నారు. నేను దర్జాగా ‘కార్మికుడు’ అని ఒక క్లాసు (ఒక రకం వాటన్నిటికీ అచ్చు లాంటిది) గీసి, దాని కింద ‘దింపు కార్మికుడు’, ‘ఒలుపు కార్మికుడు’ అని రెండు పిల్ల క్లాసులు వేలాడదీశాను. తల్లి క్లాసు లక్షణాలు పిల్లలకు వచ్చే ఈ వారసత్వం ఎంత ముచ్చటగా కుదిరిందో అని మురిసిపోయాను కూడా. ఆయన కళ్లజోడు సర్దుకుని చూశారు.

“బాగానే ఉందండీ. పొద్దున్న చెట్టెక్కి కాయలు దింపినోడే మధ్యాహ్నం ఒలుపుకి దిగుతాడు కదండీ, మరి వాణ్ణి ఏ పెట్టెలో పెడతారు?”

దింపు, ఒలుపు మనుషుల్లో రకాలు కావు, ఒకే మనిషి చేసే పనులు! పిల్ల క్లాసులు రెండూ కొట్టేసి, మనిషికి పని తగిలించాను. జావా అనేదొకటి ఉందని కూడా ఆయనకు తెలియదు.

1989లో కెంట్ బెక్, వార్డ్ కనింగ్‌హామ్ అనే ఇద్దరు అమెరికా ప్రోగ్రామర్లు ఈ ఆబ్జెక్టుల ఆలోచన నేర్పడానికి అట్టముక్కలు పట్టుకున్నారు. ఒక్కో కార్డు మీద క్లాసు పేరు, దాని బాధ్యతలు, అది సాయం అడగాల్సినవాళ్లు, అంతే. నేర్చుకున్నది ప్రోగ్రామర్లే కదా అని గొణుగుతారేమో, గొణగండి. కార్డు మీద సెమీకోలన్ లేదు.

అయితే ఒకటి ఒప్పుకుంటాను. మొదట్లో కాయకో ఆబ్జెక్టు (క్లాసు అచ్చులోంచి తీసిన ఒక్కో ప్రతి) గీశాను. ప్రోగ్రామర్ తమ్ముడు తల పట్టుకుని, “రాశికి ఒకటి చాలన్నయ్యా, మిషను చచ్చిపోద్ది” అన్నాడు. ఆ బరువు నాకు తట్టలేదు. (షావుకారు గారిని అడిగినా అదే చెప్పేవారు, ఆయన ఏనాడు కాయకాయకీ పద్దు రాశారు గనక?)

అందుకని ‘తెలిస్తే మంచిది’ వరుసలో మీకు కుర్చీ వేయిస్తాం. ‘తప్పనిసరి’ కుర్చీ ఖాళీ చేయండి. రేపు దింపు ఉంది, వస్తే బొండాలు తాగుదురుగాని.

ఇట్లు,
సెమీకోలన్ వరకే వచ్చిన అనలిస్టు