ముందు ఫ్రేమ్ రేటు తేలాలి

కృష్ణా జలాల్లో ఎవరి వాటా ఎంతో ఎప్పటికి తేలుతుందో చెప్పలేం. దాని సంగతి ట్రిబ్యునల్ చూసుకుంటుంది. ఇండిపెండెంట్ సినిమాను సెకనుకు 24 ఫ్రేముల్లో, అంటే 24 బొమ్మల్లో తీయాలా, 25లో తీయాలా అన్నది మాత్రం ఇంకా నాన్చితే తెలుగు సినిమాకు పుట్టగతులుండవని ఈ వ్యాసకర్త గట్టిగా నమ్ముతున్నాడు.

మన కుర్రాళ్లు ఈ బాధ్యతను ఎప్పుడో గుర్తించారు. హైదరాబాద్ కృష్ణానగర్‌లో ఏ టీ కొట్టు దగ్గర నిలబడ్డా ఇదే చర్చ. కథ ఇంకా ఒక్క లైన్ దగ్గరే ఉంటుంది. హీరోయిన్ దొరికి ఉండదు. నిర్మాత అవుతానన్న బావగారు డల్లాస్‌లో ఫోన్ ఎత్తడం మానేసి ఉంటారు. అయినా నలుగురూ అర్ధరాత్రి దాకా ఫ్రేముల మీద తర్కిస్తూనే ఉంటారు. “ముందు కథ రాసుకోండిరా” అని విసుక్కునే పెద్దలకు ఈ లోతు తెలియదు. కథను సెట్లో మార్చుకోవచ్చు, డైలాగును డబ్బింగ్‌లో మార్చుకోవచ్చు, క్లైమాక్సును రిలీజైన రెండో రోజు కత్తిరించుకోవచ్చు. ఒకసారి తీశాక ఫ్రేమ్ రేటును మార్చబోతే మాత్రం బ్రహ్మదేవుడైనా దొరికిపోతాడు, పాత్రలు కుదుపులతో నడుస్తాయి. మారేదాన్ని వదిలి మారనిదాన్ని పట్టుకోవడమే కదా నిత్యానిత్య వివేకం!

24 పక్షం వారిది భక్తి మార్గం. సినిమా ఆత్మ అందులోనే ఉందంటారు. ఉండే ఉంటుంది. గాయత్రికి 24 అక్షరాలు, సంధ్యవార్చేటప్పుడు చెప్పే కేశవనామాలు 24, జైన తీర్థంకరులు 24 మంది. ఇంత సాక్ష్యం దొరికాక చరిత్ర జోలికి పోకూడదు, పోతే మనసు పాడవుతుంది. మూకీల రోజుల్లో కెమెరాను చేత్తో తిప్పేవారు. వేగం కెమెరామన్ జబ్బసత్తువను బట్టి ఉండేది, 16 ఫ్రేములనీ 20 అనీ, ఇంకా అటూ ఇటూ. హాల్లో ఇంకో ఆట పట్టించాలనుకుంటే ప్రొజెక్టర్‌నూ జోరుగా తిప్పించేవారు. 1920ల చివర్లో మాట వచ్చి ఈ స్వేచ్ఛకు గండి కొట్టింది. బొమ్మ వేగం కాస్త మారితే కన్ను సర్దుకుంటుంది, చెవి ఊరుకోదు. ఫిల్ము మరీ నెమ్మదిగా నడిస్తే మాట ముద్దవుతుంది, మరీ వేగంగా నడిస్తే ఫిల్ము ఖర్చుకు నిర్మాత గుండె ఆగుతుంది. ఈ రెంటి మధ్య నిమిషానికి 90 అడుగుల ఫిల్ము దగ్గర బేరం తెగింది. అంటే సెకనుకు 24 బొమ్మలు. 1932లో మన తెరకు తెలుగు మాటలు వచ్చేసరికే ఈ బేరం ముగిసిపోయింది. ఆత్మ అని మనం కళ్లకద్దుకుంటున్నది దాన్నే. బేరంలోంచి పుట్టినంత మాత్రాన ఆత్మకు లోటేమీ లేదు, అందునా ఫిల్మ్‌నగర్‌లో.

25 పక్షం వారిది కరెంటు మార్గం. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి పాత చోకు ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు మిణుకుమంటుంది. 25 ఫ్రేములైతే కెమెరా దానితో అడుగులో అడుగు వేస్తుంది. 24లో తీసి, ఒక్కో ఫ్రేముకు వెలుగు ఎంతసేపు తగలాలో తేల్చే షట్టర్‌ను అలవాటుగా 180 డిగ్రీల దగ్గర వదిలేస్తే లెక్క కుదరక గోడ మీద వెలుగు కొట్టుకుంటుంది. ఇండిపెండెంట్ సినిమాలో లైటింగ్ అంటే స్నేహితుడి పెదనాన్నగారి హాల్లో ట్యూబ్‌లైటే కనుక ఇది తీసిపారేసే విషయం కాదు. వీరి దగ్గర ఇంకో అస్త్రం కూడా ఉంది. 24లో తీసిన రెండున్నర గంటల సినిమాను పాత టీవీ లెక్కన 25తో నడిపితే 6 నిమిషాలు ముందే అయిపోతుంది. ప్రేక్షకుడికి ఇంత ఉపకారం చేసిన ఎడిటర్ మన దగ్గర ఇంకా పుట్టలేదు.

ఈ రెండు వర్గాలూ ఏకమై వెలివేయాల్సినవాడు 23.976 వాడు. అమెరికాలో 1953లో కలర్ టీవీకి ప్రమాణం పెట్టినప్పుడు, రంగు సిగ్నల్ మాట సిగ్నల్‌తో తగాదా పడకుండా అక్కడి 30 ఫ్రేములను 29.97కి దించారు. దాని వెంట 24 కూడా కాస్త దిగి 23.976 అయింది. యూట్యూబ్‌లో అమెరికా మాస్టారు చెప్పాడని కరీంనగర్‌లో సినిమా తీసే కుర్రాడు ఇప్పటికీ ఆ టీవీల తగాదా తీరుస్తున్నాడు. ఎడిటింగ్‌లో దీన్నీ 24నూ ఒకటేననుకుని కలిపేస్తే బొమ్మకూ మాటకూ ఎడం పెరుగుతూ పోయి, రెండు గంటలయ్యేసరికి 7 సెకన్లవుతుంది. క్లైమాక్సులో హీరోయిన్ పెదవులు కదిపి వెళ్లిపోయాక ఖాళీ గుమ్మం “నిన్ను క్షమించను” అంటుంది. ఫెస్టివల్ జ్యూరీలు ఇలాంటివాటికి ఇట్టే లొంగిపోతాయి.

ఇక జ్ఞాన మార్గం. ప్రతి బృందంలోనూ మూల నిలబడి టీ తాగే అసిస్టెంట్ ఒకడుంటాడు. “24లోనే తీద్దాం సార్, షట్టర్ 172.8 డిగ్రీలు పెట్టుకుంటే ఒక్కో ఫ్రేముకు వెలుగు సెకనులో 50వ వంతు సేపు తగులుతుంది, ట్యూబ్‌లైటు పేచీ పెట్టదు” అంటాడు. నిజమే. అందుకే అతన్ని వెంటనే బృందంలోంచి తీసేయాలి. అతని మాట వింటే చర్చ అక్కడితో ముగిసి, రేపట్నుంచి అందరూ కథ గురించి మాట్లాడుకోవాల్సి వస్తుంది.

డబ్బున్నవాళ్లు మరీ పైకి పోయి చూశారు. 2012లో పీటర్ జాక్సన్ ‘హాబిట్’ను 48లో తీస్తే, అంతా మరీ స్పష్టంగా ఉంది, సెట్లు సెట్లలాగే కనబడుతున్నాయని జనం గొణిగారు. మనకు అంత స్పష్టత వస్తే పెదనాన్నగారి ఇల్లు పెదనాన్నగారి ఇల్లులాగే కనబడుతుంది. 2016లో దర్శకుడు ఆంగ్ లీ 120 దాకా వెళ్లాడు. ఆ సినిమాను దాని వేగంలో చూపగలిగిన హాళ్లు ప్రపంచం మొత్తం మీద వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. మన పేదవాళ్లకు 120 వేరే రకంగా పనికొస్తుంది. 120లో తీసి 24లో నడిపితే ఒక సెకను అయిదు సెకన్లవుతుంది. అంటే 18 నిమిషాల సరుకుతో 90 నిమిషాల సినిమా. హీరో గేటు దగ్గర్నుంచి గుమ్మం దాకా నడిచేలోపు ఇంటర్వెల్ పడుతుంది. కమర్షియల్ సినిమావాళ్లు దీన్ని ఎంట్రీకి మాత్రమే వాడి వృథా చేస్తున్నారు.

ఇన్ని తేల్చాక సినిమా ప్రేక్షకుడి చేతికి చేరుతుంది. ఇంట్లో చూస్తే కొత్త టీవీ తనంతట తానే ఫ్రేముల మధ్య ఫ్రేములు పుట్టించి ఆత్మను సీరియల్ చేసి పెడుతుంది. ఆ సెట్టింగ్ ఎక్కడ ఆపాలో ఇంటిల్లిపాదిలో ఎవరికీ తెలియదు. బస్సులో చూసేవాడు ఇంకా గట్టివాడు, ఫోన్‌లో ఒకటిన్నర స్పీడులో పెట్టుకుంటాడు. లెక్క ప్రకారం అది సెకనుకు 36 ఫ్రేములు. ఈ అంకెను ఏ పక్షమూ ఇంతవరకు పరిశీలించలేదు. వచ్చే ఆదివారం సమావేశంలో దీన్నే మొదటి అంశంగా తీసుకోవాలని, కథను ఆపై సమావేశానికి వాయిదా వేయాలని ఈ వ్యాసకర్త సవినయంగా ప్రతిపాదిస్తున్నాడు. టీ ఖర్చు బావగారు ఫోన్ ఎత్తాక సర్దుకోవచ్చు.