సాయంత్రం ఆరింటికి ఏం చేయాలి?

మా అన్నయ్య మందు మానేసి ఈ ఉగాదికి రెండేళ్లు దాటింది. ఈ రెండేళ్లలో చుట్టాలు, ఊళ్లోవాళ్లు, పెళ్లిళ్లలో కలిసినవాళ్లు అందరూ నన్ను అడిగింది ఒకటే: "మళ్లీ ముట్టుకోలేదు కదా?" లేదనగానే "హమ్మయ్య" అని వెళ్లిపోతారు. నిద్ర పడుతోందా, మనసు కుదుటపడిందా, ఎవరితోనైనా నాలుగు మాటలు మాట్లాడుతున్నాడా అని అడిగినవాళ్లు ఒకరో ఇద్దరో. చాలా రోజులుగా దీని గురించి రాద్దామనుకుంటున్నా. "రాయవే, పేరు పెట్టకు చాలు" అని అన్నయ్య అన్నాక ఇప్పుడు రాస్తున్నా.

అన్నయ్యది మోటార్ వైండింగ్ పని. పద్నాలుగేళ్లు తాగాడు. మొదట్లో శనివారాలే. తర్వాత రోజూ సాయంత్రం క్వార్టర్. చివరికి పొద్దున షాపు తెరవాలంటే ముందు ఇంత గొంతులో పడాలి, లేకపోతే సన్న రాగి తీగ పట్టుకునే వేళ్లు నిలిచేవి కావు. వదిన టీ గ్లాసులో సగమే పోసేది, నిండా పోస్తే చేతుల వణుకుకి ఒలికిపోతుందని. ఆ సగం టీనే రెండు చేతులతో పట్టుకుని, తల కిందికి వంచి, గ్లాసు దగ్గరికి నోరు తీసుకెళ్లి తాగేవాడు.

మేం చేయని ప్రయత్నం లేదు. పసరు మందు పోయించాం, పిల్లల మీద ఒట్టు వేయించాం. సాంబారులో కలిపే మాత్ర అని ఎవరో చెబితే అదీ తెచ్చాం. దాని పేరు డైసల్ఫిరామ్. మనిషికి చెప్పి, ఒప్పించి, డాక్టరు చూస్తుండగా వాడాల్సిన మందు అది. తెలియకుండా పెడితే, ఆ పైన వాళ్లు తాగితే, వాంతులు, గుండెదడ, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణం మీదికే రావచ్చు. మాకేం తెలుసు అప్పుడు? వదిన భయపడి కలపలేదు కాబట్టి బతికిపోయాం. ఇది చదివేవాళ్లలో ఎవరైనా ఆ మాత్ర మనిషికి తెలియకుండా కలుపుతుంటే దయచేసి ఈ రోజే ఆపేయండి.

తర్వాత అయ్యప్ప మాల. ముందు రోజు రాత్రి దాకా తాగి, పొద్దున మాల వేసుకున్నాడు. రెండో రోజు తెల్లవారుజామున చన్నీళ్లు పోసుకుంటూ బావి దగ్గర పడిపోయాడు. ఫిట్స్. దీక్షలో ఏదో అపచారం జరిగిందన్నారు ఊళ్లో. జరిగింది అపచారం కాదు. ఏళ్ల తరబడి రోజూ తాగిన మనిషి ఉన్నట్టుండి ఆపేస్తే మొదటి రెండు రోజుల్లోనే ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు కొందరికి మతి చెదిరి, లేనివి కనబడి, ఒళ్లంతా చెమటలు పట్టి ప్రాణాపాయం దాకా వెళ్తుంది. అందుకే ఆసుపత్రిలో విటమిన్ బి1 ఇంజెక్షన్లు, వణుకు తగ్గే మాత్రలు రోజురోజుకీ తగ్గిస్తూ ఇస్తారు. 2020 లాక్‌డౌన్‌లో షాపులు మూసేయగానే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ముందు ఒక్కసారిగా జనం పెరిగింది ఇందుకే. "మగాడివైతే ఒక్క రోజులో మానేయ్" అని రెచ్చగొట్టేవాళ్లు ఇది తెలుసుకోవాలి.

నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండి వచ్చాక, గురుస్వామి పెద్దమనసుతో దీక్ష కొనసాగించమన్నారు. మిగిలిన రోజుల్లో అన్నయ్యని నేను చూసినంత ప్రశాంతంగా అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. తెల్లారే లేవడం, సాయంత్రం భజన, రోజుకొకరింట్లో భిక్ష. అప్పులు అడిగే కిరాణా కొట్టాయన కూడా "స్వామీ" అని లేచి నిలబడ్డాడు. కొండ దిగి మాల తీసిన రాత్రే మళ్లీ తాగాడు. "మాల వేసినా మారనోడు ఇంకేం మారతాడు" అన్నారంతా. నేనూ అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ బాధపడుతున్నా.

ఆ కోపంలోనే ఒక ప్రైవేటు సెంటర్లో మూడు నెలలు చేర్పించాం. డబ్బు ముందే కట్టించుకున్నారు. ఫోన్ ఇవ్వరు, చూడనివ్వరు. మాట వినకపోతే కొట్టేవాళ్లని బయటికొచ్చిన ఏడాదికి చెప్పాడు. 2017 మానసిక ఆరోగ్య చట్టం మద్యం వల్ల వచ్చే మానసిక సమస్యలకీ వర్తిస్తుంది. గొలుసులతో కట్టకూడదని, ఇంటివాళ్లతో ఫోన్లో మాట్లాడుకునే హక్కు ఉందని అందులో ఉంది. ఇవేవీ మాకు ఎవరూ చెప్పలేదు.

ఆ మూడు నెలల తర్వాత నాలుగు నెలలు తాగలేదు. ఇంట్లో పండగ. కానీ మనిషి గోడ వైపు తిరిగి పడుకునేవాడు. పిల్లలు పిలిచినా పలికేవాడు కాదు. నేను అమ్మతో అంటే, "తాగట్లేదుగా, ఇంకేం కావాలే నీకు?" అంది. ఒక రోజు అన్నయ్యే నన్ను అడిగాడు: "సాయంత్రం ఆరింటి నుంచి తొమ్మిదింటి దాకా ఏం చేయాలే? ఏమీ తోచట్లేదు." నా దగ్గర జవాబు లేదు. వారం తిరక్కుండానే మళ్లీ మొదలుపెట్టాడు.

మూడోసారి ప్రభుత్వాసుపత్రి మానసిక విభాగంలో చూపించాం. అక్కడి డాక్టరమ్మ ఎన్ని పెగ్గులని అడిగి వదిలేయలేదు. నిద్ర, ఆకలి, అప్పులు, చచ్చిపోవాలని అనిపిస్తుందా, అన్నీ అడిగింది. వదినని కూడా కూర్చోబెట్టి, "మీకెలా ఉందమ్మా?" అంది. వదిన అక్కడే ఏడ్చేసింది. పద్నాలుగేళ్లలో ఆమెని ఆ మాట అడిగిన మొదటి మనిషి.

డిప్రెషన్ మందులు వెంటనే ఎందుకు ఇవ్వట్లేదని అడిగితే, నాలుగు వారాలు ఆగి చూద్దామంది. తర్వాత చదివితే అర్థమైంది. 1988లో బ్రౌన్, షుకిట్ అనే అమెరికా పరిశోధకుల అధ్యయనంలో, చికిత్సకి చేరినప్పుడు నూటికి 42 మందిలో డిప్రెషన్ లక్షణాలు బలంగా ఉన్నాయి. నాలుగు వారాలు తాగకుండా ఉంటే అది 6కి పడిపోయింది. అంటే చాలామందిలో ఆ దిగులు తెచ్చిపెట్టేది తాగుడే. మిగిలినవాళ్లకి మాత్రం దాన్ని విడిగా నయం చేయాలి, మానేశాడు కదా అని వదిలేయకూడదు.

ఇంకో అధ్యయనం చదివి నాకు కళ్లనీళ్లు వచ్చాయి. హార్వర్డ్‌కి చెందిన జాన్ కెల్లీ బృందం 2018లో ప్రచురించింది. మందు, మత్తుపదార్థాల సమస్య నుంచి బయటపడిన అమెరికన్లని పరిశీలిస్తే, మొదట్లో సంతోషం, తమ మీద తమకున్న గౌరవం పెరగకపోగా ఇంకాస్త తగ్గాయి. ఆ తర్వాతే పెరగడం మొదలై ఏళ్ల తరబడి పెరుగుతూ వచ్చాయి. మేం పండగ చేసుకున్న ఆ నాలుగు నెలలు అన్నయ్యకి అడుగంటిన రోజులన్నమాట. ఎవరైనా ముందే చెప్పి ఉంటే గోడ వైపు తిరిగి పడుకున్న మనిషి పక్కన కాసేపు కూర్చునేదాన్ని.

మాల ఎందుకు పనిచేసిందో కూడా ఇప్పుడు తెలుస్తోంది. సాయంత్రానికి ఒక పని, చుట్టూ మనుషులు, "స్వామీ" అన్న ఒక మర్యాద. మాల తీయగానే ఆ మూడూ పోయాయి. తాగుడు మానాలనుకునేవాళ్లు కలిసి మాట్లాడుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగుల్లో కూడా జరిగేది ఇదేనని నా నమ్మకం. మందు మీద యావ తగ్గించడానికి నాల్ట్రెక్సోన్ మాత్ర అన్నయ్యకి బాగా సాయం చేసింది, కాదనను. కానీ ఖాళీ సాయంత్రాన్ని మాత్ర నింపలేదు.

గోవాలో విక్రమ్ పటేల్, అభిజిత్ నాద్కర్ణి బృందం 10 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో చేసిన ప్రయోగం 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. డాక్టర్లు కాని స్థానికులకి శిక్షణ ఇచ్చి, హానికరంగా తాగే మగవాళ్లతో మహా అయితే నాలుగుసార్లు మాట్లాడించారు. అన్నయ్యలాంటి ముదిరిన కేసులు కావు అవి. మూడు నెలలకి సమస్య స్థాయి నుంచి బయటపడినవాళ్లు మాట్లాడించిన గుంపులో నూటికి 36 మంది, మాట్లాడించని గుంపులో 26. మంచి ఫలితమే. అయితే పనికి పోలేని రోజులు, ఇంట్లో భార్యని కొట్టడం వంటివాటిలో ఆ మూడు నెలల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. తాగుడు తగ్గినంత తొందరగా బతుకు బాగుపడదు. దానికి వేరే పని, ఎక్కువ కాలం చేయాల్సిన పని ఉంది.

మన దేశంలో ఆ పని మొదలే కావట్లేదు. 2019లో బయటికొచ్చిన ఎయిమ్స్ జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసైనవాళ్లలో 38 మందికి ఒక్కరికే ఏదో ఒక చికిత్స గానీ సాయం గానీ అందింది. మా వీధిలో బెల్టు షాపు అర్ధరాత్రి తలుపు తట్టినా తెరుస్తారు. ఆసుపత్రిలో మానసిక విభాగం ఓపీ మధ్యాహ్నానికే అయిపోతుంది. కూలికి పోయేవాడు ఒక రోజు కూలి వదులుకుని రావాలి. మందు గుర్తొచ్చేదేమో సాయంత్రం.

వారానికి రెండు రోజులైనా సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా ఓపీ పెట్టాలని, ఇంటివాళ్లకి విడిగా కౌన్సెలింగ్ ఉండాలని ఒక అర్జీ రాశాం. వచ్చే సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్‌లో ఇస్తున్నాం. మా ఊరివాళ్లు సంతకం చేయాలనుకుంటే అన్నయ్య షాపుకి రండి. ఆరు దాటాక అయితే అన్నయ్యే ఉంటాడు, పక్కింటి కుర్రాళ్లిద్దరికి వైండింగ్ నేర్పుతూ.