టోపీకి మోగే గంట గారికి

మహారాజశ్రీ అమెరికా ఫైటర్ స్క్వాడ్రన్ (యుద్ధ విమానాల దళం) బార్లలో కౌంటర్ పక్కన వేలాడే ఇత్తడి గంట గారి సముఖమునకు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

తమరి ప్రతాపం గురించి చాలా విన్నాను. ఎవరైనా తల మీద టోపీ తీయకుండా బార్లో అడుగు పెట్టారో, తమరు ఖంగుమంటారు. ఆ టోపీ ఆసామి లోపలున్న వాళ్లందరికీ ఒక రౌండ్ పోయించాలి. పాతిక మంది ఉంటే పాతిక గ్లాసులు. కల్నల్ అయినా, నిన్నగాక మొన్న చేరిన లెఫ్టినెంట్ అయినా, దారి తప్పి వచ్చిన అతిథి అయినా తమరికి ఒకటే. మా వైపు గుడిలో గంట ఎవరు కొట్టినా పుణ్యమే. తమరిని మాత్రం ముచ్చటపడి ముట్టుకున్నా బిల్లు చేతిలో పెడతారు.

నేను పైలట్‌ని కాను, తాగేవాణ్ణి అసలే కాను. అయినా ఈ ఉత్తరం ఎందుకంటే, టోపీ దగ్గర ఇంత చురుగ్గా ఉండే తమరికి కొన్ని విషయాల్లో నోరెందుకు పెగల్లేదో కనుక్కుందామని.

శుక్రవారం సాయంత్రం తమరి దర్బారు. మద్యం ముట్టాక 12 గంటల దాకా విమానం ఎక్కకూడదని అక్కడి ఎయిర్‌ఫోర్స్ నియమం కాబట్టి, శనివారం డ్యూటీ లేనివాళ్లకు శుక్రవారమే సుముహూర్తం. రోల్ కాల్ అంటారు. దాన్ని నడిపేది కమాండర్ కాదు, ‘మేయర్’ అని బిరుదు తగిలించిన ఒక కుర్ర పైలట్. ఆ కాసేపు కమాండర్ కూడా అతని మాట వినాల్సిందే. మంచి పద్ధతే అంటాను. మధ్యలో ఎవడో ‘డెడ్ బగ్!’ అని కేకేస్తాడు. అంతే, ఎక్కడివాళ్లక్కడ నేల మీద వెల్లకిలా పడి కాళ్లూ చేతులూ పైకెత్తాలి. ఆఖరున పడ్డవాడిదే బిల్లు. పగలంతా ఎనిమిది కోట్ల డాలర్ల ఎఫ్-35ను చిటికెన వేలితో ఆడించిన మనిషి, జుట్టు నెరిసిన మనిషి, చేతిలో గ్లాసు ఒలక్కుండా నడుం నేలకు ఆనించడానికి నానా తంటాలు పడుతుంటాడు. చూడముచ్చటగా ఉంటుంది, కాదనను.

ఆ పక్కనే క్రడ్ ఆట. కెనడా ఎయిర్‌ఫోర్స్ వాళ్లు పుట్టించిన ఆట అంటారు. పూల్ టేబుల్ ఉంటుంది కానీ కర్ర ఉండదు. ఉండేవి రెండే బంతులు. ఒకటి టేబుల్ మీద దొర్లుతూ ఉంటుంది. అది ఆగిపోయేలోపు రెండో బంతిని చేత్తో విసిరి దానికి తగిలించాలి. విసరడం కూడా టేబుల్ పొట్టి అంచుల వైపు నుంచే. మనిషికి మూడు ప్రాణాలు. బంతి ఆగిందా, ఒక ప్రాణం పోయినట్టే. బంతి కోసం ఒకరు టేబుల్ చుట్టూ పరిగెడుతుంటే ఇంకొకరు భుజం అడ్డం పెడతారు, అంపైర్ గొంతు చించుకుంటాడు. గంటకు వెయ్యి కిలోమీటర్ల పైన పోయేవాళ్లకు ఈ తోపులాటలో ఏం సుఖమో అనిపిస్తుంది గానీ, పక్కవాడు ఎటు కదులుతాడో ముందే పసిగట్టడం వీళ్ల వృత్తిలో సగం పని.

ఇక స్నాకో. స్క్వాడ్రన్‌లో అందరికన్నా చిన్న లెఫ్టినెంట్‌కి కట్టబెట్టే పదవి. ఫ్రిజ్‌లో బీరు తగ్గకుండా చూడాలి, చిప్స్ తేవాలి, ఖాతా రాయాలి, అన్నిటికన్నా ముఖ్యం పాప్‌కార్న్ మాడకూడదు. కొన్ని స్క్వాడ్రన్లలో దాంట్లో హాలపేన్యో మిరపకాయలు కూడా వేస్తారు. ఈ లెఫ్టినెంట్ చదువుకీ శిక్షణకీ ప్రభుత్వం లక్షల డాలర్లు పోసింది. ఆకాశంలో చేసిన తప్పుని డీబ్రీఫ్‌లో, అంటే దిగొచ్చాక జరిపే సమీక్షలో, ఓపిగ్గా విడమర్చి చెప్పే సీనియర్లు, మాడిన పాప్‌కార్న్‌ని మాత్రం నెలల తరబడి మర్చిపోరు.

పేర్లు పెట్టడం ఇంకో వేడుక. కాల్‌సైన్, అంటే పైలట్‌ని తోటివాళ్లు పిలిచే మారుపేరు, ఎవరికి వాళ్లు పెట్టుకునేది కాదు. తలుపులు మూసి, నిందితుణ్ణి బయటికి పంపి, వాడు చేసిన వెధవ పనులన్నీ ఏకరువు పెట్టి, కేకల మధ్య ఖాయం చేస్తారు. చెప్పే కథలో పది శాతం నిజముంటే చాలని నియమం. మా రచయితల సంఘాల్లో కూడా ఇంతకన్నా కఠినంగా ఏమీ లేదులెండి. హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లి స్థిరపడిన తండ్రికి పుట్టి, ఎయిర్‌ఫోర్స్ టెస్ట్ పైలట్ అయి, 2021లో అంతరిక్ష కేంద్రానికి వెళ్లిన క్రూ-3 యాత్రకు కమాండర్‌గా ఉన్న రాజా చారి గారి కాల్‌సైన్ ‘గ్రైండర్’. మన ఇళ్లలో ఆ మాట వింటే రేపు పొద్దున దోసెలా ఇడ్లీయా అని అడుగుతారు.

ఆ పది శాతం నియమంతోనే మీ వాళ్లు చెప్పుకునే మరో కథ జెరెమయా వీడ్‌ది. బోర్బన్ అనే అమెరికా విస్కీతో చేసిన, సగానికి సగం ఆల్కహాల్ ఉన్న తియ్యటి మద్యం అది. 1970ల చివర్లో నెవాడా ఎడారిలో విమానం కూలిన చోటు చూడ్డానికి వెళ్లిన ఎఫ్-4 పైలట్లు దారిలో ఒక బార్లో ఆగారట, సారాకి నిప్పంటించి తాగబోయి మూతి కాల్చుకున్నారట, అప్పుడు అక్కడి అరలో దొరికిన సీసా ఇదేనట. అప్పట్నుంచీ తీర్థం. దీంట్లో పది శాతం ఏదో నన్నడక్కండి.

ఇంతవరకూ నాకు తమరితో పేచీ లేదు. తాగనివాడు కూడా రౌండ్ డబ్బులు కట్టాలి అన్నది కాస్త గుచ్చుకుంది, అంతే.

1991 సెప్టెంబర్‌కి వద్దాం. తమరి నేవీ చుట్టాలు లాస్ వెగాస్‌లో టెయిల్‌హుక్ అనే తమ పైలట్ల సంఘం సమావేశం పెట్టుకున్నారు. హోటల్ మూడో అంతస్తులో స్క్వాడ్రన్లు గదులు తీసుకుని దేనికది ఒక బారుగా మార్చేశాయి. నడవాకి రెండు వైపులా మగవాళ్లు బారులు తీరి, అటుగా వచ్చిన ఆడవాళ్లని చేతికందినట్టల్లా పట్టుకున్నారు. రక్షణ శాఖ విచారణలో తేలిన లెక్క 83 మంది ఆడవాళ్లు, 7 మంది మగవాళ్లు. బాధితుల్లో ఒకరైన లెఫ్టినెంట్ పాలా కాఫ్లిన్ 1992 జూన్‌లో తన పేరుతో బయటికొచ్చి మాట్లాడారు. ఆ నెలలోనే నేవీ సెక్రటరీ రాజీనామా చేశారు. ఆ నడవాలో టోపీ పెట్టుకున్నవాడు ఒక్కడూ లేడనుకుంటాను. ఉండుంటే ఎవరో ఒకరు గంట కొట్టేవారు.

1993లో అమెరికా ఆడవాళ్లకు ఫైటర్ విమానాలు నడిపే దారి తెరిచింది. వచ్చారు, నడిపారు, యుద్ధాలకు వెళ్లారు. అప్పుడు మొదటగా వచ్చిన జీనీ లీవిట్ 2012 నాటికి కొన్ని స్క్వాడ్రన్లు కలిసిన ఒక ఫైటర్ వింగ్‌కే కమాండర్ అయ్యారు. బార్లో పాటల పుస్తకం మాత్రం పాతదే. ఏమిటా పాటలు అంటారా? ఈ ఉత్తరం మా పిన్ని కూడా చదువుతుంది, వదిలేయండి. అదే 2012లో షా ఎయిర్‌ఫోర్స్ బేస్‌లో పనిచేసిన ఒక మహిళా సార్జెంట్ ఆ పుస్తకాలతో, గోడల మీది బొమ్మలతో సహా ఫిర్యాదు చేసింది. మీ బార్లో ఇంకో ఆచారం ఉంది కదా, మామూలు మాటకి కూడా బూతర్థం తీసి, నోరు జారినవాణ్ణి అల్లరి పెట్టడం. అంటే బూతు ఎక్కడుందో మీ వాళ్లకు కనిపించదని కాదు.

డిసెంబర్‌లో ఎయిర్‌ఫోర్స్ అధిపతి జనరల్ మార్క్ వెల్ష్, ఆయనా ఫైటర్ పైలటే, బేస్‌లన్నీ వెతికించారు. బార్లు మాత్రమే కాదు, ఆఫీసులూ హ్యాంగర్లూ అన్నీ. 2013 జనవరిలో చెప్పిన లెక్క ఇది: అశ్లీల సామగ్రి 631, పనిచోట ఉండకూడనివి 3,987, అభ్యంతరకరమైనవి 27,598. మొత్తం 32,216. ఇన్నిటి మధ్య తమరు ఏళ్లకేళ్లు వేలాడారు. రోజూ చూశారు. ఒక్కసారి, పోనీ పొరపాటున గాలికైనా, ఊగలేదు.

ఆ తర్వాత ఏమైంది? గోడలు తుడిచారు. చాలాచోట్ల బారుకి ‘హెరిటేజ్ రూమ్’ అని పేరు రాశారు. వారసత్వపు గది! 2014లో అదే వెల్ష్ గారు మార్చి నెలంతా మీసాలు పెంచుదాం రండని పిలుపిచ్చారు. వియత్నాం యుద్ధంలో రూల్స్‌ని లెక్కచేయకుండా కొమ్ముల మీసం పెంచిన ఫైటర్ పైలట్ రాబిన్ ఓల్డ్స్ జ్ఞాపకంగా సాగే సరదా అది. ఆ స్క్వాడ్రన్లలోనే ఉన్న ఆడ పైలట్లు ఆ నెలంతా ఏం పెంచుకోవాలో మరి.

మీ వాళ్లు చెప్పే జవాబు నాకు తెలుసు. మాది రోజూ చావు పక్కన కూర్చునే ఉద్యోగం, ఈ గది లేకపోతే మతి పోతుంది, బయటివాళ్లకు అర్థం కాదు అంటారు. మొదటి మాట నూటికి నూరు పాళ్లు నిజం, పది శాతం కాదు. ఒకడు తిరిగి రానప్పుడు వాడి కాల్‌సైన్ ఉన్న మగ్గు గోడ మీద అలాగే ఉంటుంది. సమాధి దగ్గర గడ్డి మీద ఒక నికెల్, అంటే ఐదు సెంట్ల బిళ్ల, వేసి వస్తారు. కొన్నిచోట్ల పాత పియానో తెచ్చి తగలబెడతారు. ఆ రాత్రి ఎవరూ టోపీల గురించి మాట్లాడరు. ఆ దుఃఖానికి ఒక గది కావాలి, సందేహం లేదు. కానీ ఆ పోయినవాడి మగ్గు పక్కనే ఆ బొమ్మలెందుకు అంటించాలి? ఆ మనిషి అడిగాడా? అదే స్క్వాడ్రన్‌లో ఒక అమ్మాయి విమానం కూలితే ఆ పాటల పుస్తకంలోంచి ఏ పాట పాడతారు?

అందుకని చిన్న విన్నపం. తమరి శిక్షాస్మృతిలో తల మీద టోపీ నేరం, తమరిని ముట్టుకోవడం నేరం, డెడ్ బగ్‌లో ఆఖరున పడటం నేరం. ఇంకొక్కటి చేర్చండి, ఏది చేర్చాలో ఇంత దూరం చదివాక వేరే చెప్పక్కర్లేదు. పాత బాకీ కూడా ఉంది. ఆ 32,216కీ ఒక్కోదానికి ఒక్కో రౌండ్ చొప్పున లెక్క కట్టాను. వారానికి ఒక శుక్రవారం, శుక్రవారానికి ఒక రౌండ్ పోయించినా తీరడానికి 617 ఏళ్లు దాటుతుంది. అన్నీ తమరి బార్ల ఖాతాలోవే కావు కాబట్టి, తమరి వాటా ఎంతో తమరే తేల్చుకోండి. ఈ శుక్రవారం నుంచే మొదలుపెడితే మంచిది. బిల్లు స్నాకో కుర్రాడి నెత్తిన మాత్రం రుద్దకండి, పాపం పాప్‌కార్న్ పని మీద ఉంటాడు. నాకు ఒక గోళీ సోడా చాలు.

ఇట్లు,
టోపీ చంకలో పెట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డ
ఒక తెలుగువాడు